చాక్లెట్ డబ్బాల డైరీ: రోహిణి నుంచి మఖ దాకా

రోహిణి కార్తె

ముందు నియమాలు రాసిపెట్టుకుంటున్నాను, తర్వాత నాకు నేనే సడలింపులు ఇచ్చుకోకుండా.

పని ఇది. ఒకప్పుడు హైదరాబాద్ ఇళ్ళలోకి వచ్చిన చాక్లెట్ల రేకు డబ్బాలను ఒక అరలో కాలం వరసన నిలబెట్టాలి. పిప్పరమెంట్లు, నిమ్మతొనలు, టాఫీలు, ఏవి వచ్చినవైనా సరే. ప్రతి డబ్బా ముందు ఒక చీటీ, దాని మీద ఏళ్ళు. ఆ ఏళ్ళకు రుజువు డబ్బా మీదే కనబడాలి. అమ్మినాయన చెప్పిన కథ లెక్కలోకి రాదు. జుమేరాత్ బజార్లో ఏ డబ్బా చేతిలోకి తీసుకున్నా "నిజాం జమానేకా మాల్ హై" అంటారు. నిన్న అలా అన్న డబ్బా మీద శాకాహారపు ఆకుపచ్చ చుక్క ఉంది. ఆ చుక్క చట్టంలోకి వచ్చింది 2001లో.

బిస్కెట్ డబ్బాలు వద్దనుకున్నాను. చోటు తక్కువ, అవి పెద్దవి. ఈ నియమం ఎన్నాళ్ళు నిలబడుతుందో చూడాలి.

బల్ల ముందు గోడకు ఒక కాగితం అంటించాను. డబ్బా తిరగేసి చూడాల్సినవన్నీ దాని మీద ఉన్నాయి. ధర అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది. 'నయే పైసే' అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. 1964 జూన్ నుంచి ఆ 'నయా' మాట తీసేశారు. బరువు పౌండ్లు, ఔన్సుల్లో మాత్రమే ఉంటే మెట్రిక్ తూకాలకు ముందుది. ఆ తూకాలు 1958లో కొన్ని చోట్ల మొదలై 1962 నాటికి దేశమంతా వచ్చాయి. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి. ప్యాకింగ్ చేసిన నెల, నికర బరువు లాంటి వివరాలు క్రమంగా కనబడుతున్నాయంటే ప్యాకెట్ సరుకుల మీద 1977లో వచ్చిన నిబంధనల తర్వాతది అనుకోవచ్చు. 'అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర' అన్న వాక్యం 1990 నుంచి. ఊళ్ళ పేర్లు కూడా పనికొస్తాయి: బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై, కలకత్తా 2001లో కోల్‌కతా.

ఈ కాగితాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఉన్న అక్షరం గట్టి సాక్షి, లేని అక్షరం ఉత్త అనుమానం. పిన్ కోడ్ ఉంటే ఆ డబ్బా 1972కు ముందుది కాదని ధైర్యంగా రాయొచ్చు. లేదు కాబట్టి 1972కు ముందుదే అని మాత్రం రాయలేం. అచ్చు పలకలు మళ్ళీ చేయించాలంటే ఖర్చు. పాత పలక అరిగేదాకా కంపెనీలు దాంతోనే లాగించేవి.

మన ఊరికి అదనంగా ఇంకో చిక్కు ఉంది. కొట్టువాడు తన చేత్తో ధర రాసి అంటించిన చీటీ దొరికితే, అవి ఏ రూపాయలో చూసుకోవాలి. నిజాం ముద్రించిన హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా రూపాయైన కల్దార్ ఆరు రూపాయలకు సమానంగా ఉండేవి. నిజాం నాణెం 1959 దాకా చెల్లింది కాబట్టి 'ఓ.ఎస్.' (ఉస్మానియా సిక్కా) అన్న రెండక్షరాలు ఒక్క మూత మీద కనబడితే చాలు, ఆ వారమంతా నాకు పండగే. ఇంతవరకూ కనబడలేదు.

మృగశిర కార్తె

ఎర్రగడ్డ ఆదివారం సంతలో న్యూట్రిన్ డబ్బా దొరికింది. మూత ఒక పక్క సొట్ట, రంగు సగం పోయింది, లోపల మేకులు. మేకులు ఆయన వేరే గోనెలోకి ఒంపేశాడు. నాలుగొందలు అడిగి నూట యాభైకి దిగాడు. దిగుతూ, "అక్కా, గిది పోపుల డబ్బాకు గూడ పనికి రాదు, ఏం జేస్తవ్?" అని నా మీద జాలిపడ్డాడు.

నాకు కావలసింది అడుగునే ఉంది. చిత్తూరు, ఆ పక్కన ఎ.పి., బరువు కిలోల్లో, పిన్ కోడ్ లేదు.

న్యూట్రిన్ 1952లో చిత్తూరులో పుట్టింది. అప్పటికి చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లోకి. ఫ్యాక్టరీ గోడ అంగుళం జరక్కుండానే నాలుగేళ్ళలో మూడు రాష్ట్రాల చిరునామా రాసుకోవాల్సి వచ్చింది. ఆ 'ఎ.పి.' వల్ల నా డబ్బా 1956 నవంబరు దాటాక అచ్చయిందని తేలింది. కిలోల వల్ల ఇంకో రెండేళ్ళు ముందుకు జరిగింది. పిన్ కోడ్ లేకపోవడం వల్ల 1970ల మొదలు దాకా అని పెన్సిల్‌తో రాశాను. మొదటి ఏడు సిరాతో, చివరి ఏడు పెన్సిల్‌తో: ఇక ముందు చీటీలన్నీ ఇలాగే.

శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరూ చెప్పే మొదటి మాట చింతపండు. ఇత్తడి బిందెకు అది మంచిదే. ఈ రేకుకు విషం. రేకంటే అసలు ఉక్కే, దాని మీద తగరం పూత. ఆ పూత మందం వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. దాని మీద రంగులు, ఆ పైన వార్నిష్. చింతపండు, నిమ్మరసం, వెనిగర్, ఏ పులుపైనా రంగునూ పూతనూ కలిపి తినేస్తుంది. స్టీలు పీచు సంగతి చెప్పక్కర్లేదు.

గీత పడితే ఎందుకంత భయమో రాసుకుంటే మంచిది. జింకు పూసిన బకెట్టు మీద గీత పడినా కొన్నాళ్ళు ఫరవాలేదు. జింకు తాను ముందు కరిగిపోతూ పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. తగరం అలాంటి త్యాగి కాదు. గాలీ తేమా తగిలేచోట ఇనుమే ముందు పోతుంది, తగరం పక్కన నిలబడి చూస్తుంది. పైగా ఆ గీత దగ్గర తుప్పు మామూలుకంటే చురుగ్గా పడుతుంది, రంగు కిందికి పాకుతూ పోతుంది. పైకి బొమ్మ నిక్షేపంగా కనబడుతుంటుంది, ఒకరోజు గోరు తగిలితే పెచ్చుగా లేచొస్తుంది.

కాబట్టి కుంకుడుకాయ. రెండు కాయలు నానబెట్టి పిసికి, గుడ్డలో వడగట్టి, బాగా పలుచన చేసి, దూది పుల్లతో ముందు మూత లోపలి అంచున అద్ది చూశాను. దూదికి రంగు అంటలేదు. అప్పుడు బయట, రూపాయి బిళ్ళంత మేర, వెంటనే తడి దూది, వెంటనే పొడి గుడ్డ. మధ్యాహ్నమంతా కూర్చుంటే ఒక పక్క పూర్తయింది. మేకుల నూనె జిడ్డు, దాని మీద పేరుకున్న దుమ్ము పోయాయి. పోయిన రంగు పోయినట్టే ఉంది. ఖాళీల్లో పెయింట్ నింపితే బాగుంటుందని మా తమ్ముడి సలహా. నింపితే అది నా బొమ్మ అవుతుంది, న్యూట్రిన్ వాళ్ళది కాదు.

వాడి కొడుకు ఆ డబ్బాలో చాక్లెట్లు పోసి ఇవ్వమని మారాం చేశాడు. కుదరదన్నాను. పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పాత డబ్బాల అతుకుల్లో కూడా సీసం కలిసిన టంకమే. ఇవి తిండి పెట్టుకునే డబ్బాలు కావు. గీకి పొడి రేపకూడదు, పనయ్యాక చేతులు కడుక్కోవాలి. వాడికి స్టీలు డబ్బా ఇచ్చాం. మొహం మాడ్చుకున్నాడు.

ఆరుద్ర కార్తె

వానలు పట్టాయి. గదిలో తేమ మీటరు 80 దాటింది. పని వేగం పెంచాలి, ముఖ్యంగా తుప్పు విషయంలో.

లోపలి తుప్పుకు కరక్కాయ వాడి చూడాలని చాన్నాళ్ళుగా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ పని చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. గుడ్డను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన కసీం నీళ్ళతో కలం గీస్తారు. గీసిన గీత కాసేపట్లో నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి పుట్టించే నలుపు అది. మ్యూజియాల్లో ఇనుప వస్తువులు బాగుచేసేవాళ్ళు తుప్పు మీద పూసే టానిక్ ఆమ్లం చేసేది కూడా ఇదే పని: ఎర్ర తుప్పును పట్టుకుని నీలి నలుపు పొరగా మార్చి కుదురుగా కూర్చోబెడుతుంది.

బేగంబజార్ మూలికల కొట్లో కరక్కాయ కొన్నాను. రసాయనాల కొట్టు నుంచి టానిక్ ఆమ్లం పొడి కూడా తెచ్చాను, పక్కపక్కన పెట్టి చూడాలి కదా. మూతలేని, బొమ్మలేని డబ్బా ఒకటి ప్రయోగాలకే ఉంచాను. ఊడొచ్చే తుప్పును వెదురు పుల్లతో గీరి, అడుగును సగానికి సున్నం గీతతో విభజించి, ఒక సగానికి కరక్కాయ కషాయం, ఇంకో సగానికి పొడి కలిపిన నీళ్ళు, సన్న కుంచెతో.

రెండూ నల్లబడ్డాయి. పొడి వైపు నలుపు సమంగా వచ్చింది. కరక్కాయ వైపు నలుపుతోపాటు చుట్టూ తెల్లగా మిగిలిన తగరం మీద గోధుమ మరక పడింది, పైగా జిగురు. వడగట్టడం ఎంత సన్నగా జరిగినా కషాయంలో వగరు ఒక్కటే ఉండదు. చక్కెరలు, నలుసులు అన్నీ ఉంటాయి. అవి తేమను పిలుస్తాయి. నా తీర్మానం: పూర్తిగా తుప్పుపట్టి తెలుపు మిగలని అడుగుకు కరక్కాయ చాలు, తెలుపు మిగిలినచోట పొడి. బొమ్మ ఉన్న వైపు రెండూ వద్దు. మంగలి షాపు డ్రయ్యర్‌తో ఆరబెట్టాక తేమ తగలకుండా పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం. కారు పాలిష్ చవక, కానీ అందులో చాలావాటిలో రాపిడి పొడి కలుపుతారు, అదే మనకు వద్దనుకున్నది.

ఇదే కార్తెలో టోలీచౌకీ నుంచి క్వాలిటీ స్ట్రీట్ డబ్బా వచ్చింది. గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చినవాళ్ళ సూట్‌కేసుల్లో ఒకప్పుడు ఇది తప్పనిసరి సరుకు, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వచ్చేలోపే పిల్లలకు లెక్క చెప్పేవారు ఎవరెవరికి ఎన్నెన్నని. ఇందులో ఆ ఇంటివాళ్ళు క్యాసెట్లు దాచుకున్నారు. జెద్దా నుంచి తండ్రి ఉత్తరాలకు బదులు మాట్లాడి పంపినవి. క్యాసెట్లు వాళ్ళు ఉంచుకుని డబ్బా ఇచ్చారు.

ఈ డబ్బా కాలం తేల్చడం తేలిక. క్వాలిటీ స్ట్రీట్ ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో 1936లో మొదలైంది, మాకింతోష్ కంపెనీది. 1969లో ఆ కంపెనీ రౌన్‌ట్రీతో కలిసింది. 1988లో రెంటినీ కలిపి నెస్లే కొనేసింది. పేరు చూస్తే చాలు. ఇది రౌన్‌ట్రీ మాకింతోష్, కాబట్టి 1969కి ముందుది కాదు. "అబ్బా మొదటిసారి వచ్చినప్పుడు, '79లో తెచ్చింది" అని పెద్ద కొడుకు గట్టిగా చెప్పాడు. చీటీ మీద ఆ మాట రాయలేదు గానీ, వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను.

పునర్వసు కార్తె, ఆషాఢం

బిస్కెట్ డబ్బాలు వద్దన్న నియమం ఈ వారం కూలిపోయింది.

చిక్కడపల్లిలో ఒక పాత ఇల్లు బిల్డరుకు ఇస్తున్నారు. సామాన్లు సర్దుతున్నారని తెలిసి వెళ్ళాను. వంటింటి అటక మీద ఏమీ లేదు. దేవుడి గూట్లో ఉంది: జె.బి. మంఘారాం బిస్కెట్ డబ్బా, మూత మీద కృష్ణుడు. సింధ్‌లోని సుక్కూర్‌లో మొదలై, దేశ విభజన తర్వాత గ్వాలియర్‌కు చేరిన కంపెనీ అది. దేవుళ్ళ బొమ్మలున్న దాని డబ్బాలు, క్యాలెండర్లు దేశమంతా తిరిగాయి. (సింధ్ నుంచి వచ్చిన ఇంకో కుటుంబం మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో పెట్టినదే కరాచీ బేకరీ. విభజన లేకపోతే మన టీ బల్ల మీద బిస్కెట్లు వేరుగా ఉండేవి.)

డబ్బాలో వత్తులు, అగరుబత్తి పుల్లలు, అరిగిన గంధపు చెక్క. ఏళ్ళ తరబడి వత్తుల నూనె కారి లోపలంతా పల్చని పొరగా పట్టేసింది, అందువల్ల లోపల తుప్పు చుక్క కూడా లేదు. నేను డబ్బు పెట్టి కొన్న మైనం చేసే పని నువ్వుల నూనె ఊరికే చేసిపెట్టింది. నూనె ముదిరి జిగురయిందనుకోండి, అది వేరే సంగతి.

అసలు సంగతి పైన. కృష్ణుడి నుదుటి మీద కుంకుమ, ఒక బొట్టు మీద ఇంకో బొట్టు పడి చిన్న దిబ్బలా గడ్డకట్టి ఉంది. పాదాల దగ్గర పసుపు. అక్కడ బొమ్మ రంగు అసలు కనబడటం లేదు.

ఆ ఇంటి పెద్దావిడకు నేను డబ్బాలు కడుగుతానని ఎవరో చెప్పినట్టున్నారు. డబ్బా నా చేతికిస్తూ, "బిడ్డా, రోజూ గా బొమ్మకు మా అత్తమ్మ బొట్టు పెట్టేటిది. ఆమె పోయినంక నేను పెట్టిన. గది తుడుస్తవా?" అని అడిగింది.

తుడవనన్నాను. ఆవిడను సంతోషపెట్టడానికి అన్న మాట కాదు. ఈ అర పెట్టిందే డబ్బాలు హైదరాబాద్ ఇళ్ళల్లో ఏమయ్యాయో చూపడానికి. ఈ డబ్బా గ్వాలియర్‌లో అచ్చయిందని అడుగు చెబుతోంది. చిక్కడపల్లిలో ఉందని చెప్పేది ఆ కుంకుమ ఒక్కటే. దాన్ని కడిగేస్తే నాకు మిగిలేది పాత వస్తువుల కొట్లో ఎవరైనా కొనుక్కోగల బొమ్మ.

సంరక్షణపరంగా ఆలోచిస్తే ఆ గడ్డ కింద ఏం జరుగుతోందన్న ప్రశ్న ఉంది. కుంకుమ తయారీలో పసుపుకు సున్నం లాంటి క్షారం తగులుతుంది. తేమ ఉంటే కింద రంగును తినొచ్చు. పొడిగా ఉన్నంతకాలం భయం తక్కువ. కాబట్టి తడి దూది కూడా తగలనివ్వకుండా, ముందుగా తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న పెట్టెలోకి వెళ్ళేది ఇదే. అడుగూ పక్కలూ పొడి కుంచెతో దులిపాను, అంతే.

ధర అడిగితే, "దేవుని బొమ్మకు పైసలు తీస్కుంటరా?" అన్నారు. ఊరికే తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. వత్తులు పెట్టుకోవడానికి మూతున్న స్టీలు డబ్బా కొనిచ్చాను. పాత బట్టలకు స్టీలు సామాను మార్చుకున్న వీధుల్లో ఈ బేరం ఎవరికీ వింతగా అనిపించలేదు.

పుష్యమి కార్తె

మహబూబ్ చౌక్, అంటే ముర్గీ చౌక్ వైపు వెళ్ళాను, వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం కోసం. పది రెట్లు పెద్దగా చూపేది దొరికింది.

అద్దం కింద రేకు అచ్చు ఇంకో లోకం. అప్పట్లో బొమ్మను రాతి మీద గీసి అచ్చు తీసేవారు, కానీ రాతి మీంచి నేరుగా రేకు మీద అచ్చు వేయడం కుదిరేది కాదు. రెండూ గట్టివే, ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. 1875లో రాబర్ట్ బార్‌క్లే అనే ఆయన ఇంగ్లండులో మధ్యలో ఇంకో సిలిండర్ పెట్టి దానికి అట్ట చుట్టాడు. రాతి మీది సిరా ముందు అట్ట మీదికి, అట్ట మీంచి రేకు మీదికి. తర్వాత అట్ట స్థానంలో రబ్బరు వచ్చింది. ఇవాళ మన పేపర్లూ పెళ్ళి పత్రికలూ అచ్చయ్యే ఆఫ్‌సెట్ పద్ధతి ఇదే. కాగితానికంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు ముందే ఇది డబ్బాలకు పుట్టింది. హంట్లీ అండ్ పామర్స్ లాంటి బిస్కెట్ కంపెనీలు దీన్ని అందుకుని సామ్రాజ్యమంతా డబ్బాలు పంపాయి.

పాత రాతి అచ్చులో చుక్కలు చేత్తో పెట్టినవి: చెంప దగ్గర ఒత్తుగా, అంచున పలచగా, వరస ఉండదు. ఫొటో పద్ధతి వచ్చాక చుక్కలు జల్లెడ గళ్ళలా వరసగా పడతాయి. 'వింటేజ్' అని అలంకరణ సామాన్ల కొట్లలో అమ్మే కొత్త డబ్బాల మీద ఎప్పుడూ ఈ జల్లెడే. గీతలు, తుప్పు మరకలు కూడా అచ్చు వేసినవే, వేలు పెడితే నున్నగా తగులుతాయి. అలాగని జల్లెడ కనబడగానే నకిలీ అనడానికి లేదు, నా క్వాలిటీ స్ట్రీట్ డబ్బా మీదా అదే ఉంది. చేతి చుక్కలు కనబడితే అది ఒక ఆధారం. జల్లెడ కనబడితే మళ్ళీ అడుగు చూడాల్సిందే.

అక్కడే ఒక కొట్టాయన ఇత్తడి డబ్బా చూపించాడు. మూత మీద యువరాణి మేరీ మొహం, 1914 క్రిస్మస్ అని అచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు పంచిన కానుక అది. సాధారణంగా పొగాకు, సిగరెట్లు ఉండేవి. సిక్కు సైనికులకు మాత్రం పొగాకు బదులు పటికబెల్లం పెట్టి, ఇంకో రేకు డబ్బాలో మసాలా దినుసులు ఇచ్చారు. ఆ లెక్కన ఇది చాక్లెట్ డబ్బాలకు తాత. ఆశ పుట్టింది. కానీ దీనికి కొత్త నకళ్ళు బోలెడు. అంచులు ఇంత పదునుగా ఉన్నది నూరేళ్ళు జేబుల్లో తిరిగిందని నమ్మలేకపోయాను. "చాచా, ఫిర్ ఆతీ హూఁ" అని వచ్చేశాను. నకిలీ కాకపోయినా అది హైదరాబాద్ ఇంట్లో ఉందనడానికి దాని మీద ఏ గుర్తూ లేదు.

ఆశ్లేష కార్తె

విద్యానగర్‌లో మా పక్కవీధి పంతులమ్మగారి కుట్టు డబ్బా. పార్లే వాళ్ళ చాక్లెట్ల డబ్బా అది. నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే, ఎప్పుడూ తిరగేసి చూడలేదు. అమ్ముతారా అని అడిగితే, "నీకు ఇచ్చి నేను గుండీలు ఎందులో పెట్టుకోను?" అన్నారు. స్టీలు డబ్బా మంత్రం ఇక్కడ పారలేదు. ఫొటో తీసుకోమన్నారు, గుండీలు కింద పడకూడదన్న షరతు మీద.

పేపరు పరిచి ఒక్కొక్కటే తీసి పెట్టాం. జాకెట్టు హుక్కులు, ప్రెస్ బటన్లు, విరిగిన కత్తెర, తెల్లదారం రీళ్ళు, ఎవరి చొక్కావో తెలియని ఇత్తడి గుండీలు. అన్నిటి కిందా, తుప్పు గుండీలకు అంటకుండా, మడిచి పరిచిన తెలుగు పేపరు ముక్క. తేదీ ఉన్న మూల మిగిలింది: 1966 సెప్టెంబరు.

అడుగున చిరునామా 'బొంబాయి-57'. విలేపార్లే తూర్పుకు అప్పటి తపాలా జోన్ అంకె అది. 1972లో పిన్ వచ్చినప్పుడు ఆ అంకెను అలాగే ఉంచి ముందు 4000 తగిలించారు, 400057 అయింది. పార్లే 1929లో మిఠాయిలతోనే మొదలైంది, బిస్కెట్లు పదేళ్ళ తర్వాత వచ్చాయి. ఊరి పేరే కంపెనీ పేరు. కాబట్టి ఒట్టి '57' ఉంటే 1972కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. ఒంటరిగా అయితే ఇది పెన్సిల్ హద్దే. ఆ పేపరు ముక్క దానికి తోడొచ్చింది. 1966 నాటి పేపరును ఏ 1980లోనో పరిచి ఉండొచ్చు కదా అంటే ఉండొచ్చు. కానీ పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేసే ఇళ్ళలో పధ్నాలుగేళ్ళు ఆగిన పేపరు అరుదు. పంతులమ్మగారిని అడిగితే, "పెద్దాడు బళ్ళో చేరినప్పుడు పరిచాను" అన్నారు, అది కథ కిందికి వస్తుంది కాబట్టి చీటీ వెనక్కి పోయింది.

పేపరు ముక్కను మళ్ళీ అలాగే పరిచేశాం. న్యూస్‌ప్రింట్ కాగితానికి ఆమ్లగుణం ఉంది, రేకుకు మంచిది కాదని నాకు తెలుసు. కానీ డబ్బా ఆవిడది, ఇంకా పనిలో ఉంది. పేపరు కింద పల్చని పాలిథీన్ ముక్క వేయొచ్చా అని అడిగాను. "చెమట పడుతుంది, వద్దు" అన్నారు. ఆవిడన్నది నిజమే, డబ్బాలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టకూడదని నేను ఇంకొకరికి చెబుతూ ఉంటాను.

అరలో ఈ డబ్బా స్థానంలో ఫొటో ఉంటుంది, అడుగుదే, మూతది కాదు.

మఖ కార్తె

మఖలో కురిసిన వాన గదిని ఊరబెట్టింది. పాత గాజు తలుపుల బీరువాకు అంచుల్లో నురుగు పట్టీ అంటించి, కింది అరలో సిలికా జెల్ ట్రేలు పెట్టాను. నారింజ రంగువి, తేమ తాగితే ఆకుపచ్చకు తిరుగుతాయి. తిరిగినవాటిని ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. నీలం రంగువాటిలో కోబాల్ట్ ఉంటుంది, వంటింటి ఓవెన్లోకి అవి వద్దు. బీరువాలో మీటరు 50 దగ్గర నిలబడింది, బయట 85. మూతలు బిగించకుండా ఊరికే ఆనించాను, లోపలి గాలి కదలాలి.

తేలని డబ్బా ఒకటి బల్ల మీదే ఉంది. పేరున్న చోట రంగు మొత్తం పోయింది, మిగిలింది బరువు ఒక్కటే: 453.6 గ్రాములు. ఒక పౌండును గ్రాముల్లోకి మార్చిన అంకె. అంటే మెట్రిక్ చట్టం వచ్చాక కూడా పాత పౌండు డబ్బా అచ్చునే వాడుతూ, అక్షరాలు మాత్రం మార్చారు. ఏ కంపెనీదో తెలియకుండా కాలం మాత్రం తెలిసిన మొదటి డబ్బా ఇదే. చీటీ మీద పేరు గడి ఖాళీ వదిలి, ఏళ్ళ గడిలో '1958 తర్వాత' అని సిరాతో రాశాను.

ఎర్రగడ్డలో మోర్టన్ డబ్బా ఒకటి చూసి పెట్టాను. అడుగున బిహార్‌లోని మఢౌరా పేరు చక్కగా చదవడానికి వస్తోంది, బరువు పౌండ్లలో. ఆయన ఎనిమిదొందలంటున్నాడు, నేను మూడొందల దగ్గరున్నాను. వచ్చే ఆదివారం పొద్దున్నే వాన పడితే ఐదొందలకు ఇస్తాడని నా అంచనా. టార్పాలిన్ కింద రేకు సామాను ఎవరూ చూడరు.